ఇది బాగుందా, అది బాగుందా?

మా అమ్మాయి ఆ రోజు బడి నుంచి వేరే ఆవిడ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. కంగారు పడకండి, ఎవరూ ఎత్తుకెళ్ళలేదు. తనే వెళ్ళింది.

బడి వదిలే వేళకి వాన. గేటు ముందు గొడుగులే గొడుగులు. నేను నా పచ్చ గొడుగు వేసుకుని, రోజూ నిలబడే చోటే నిలబడ్డాను. పిల్లలు బిలబిలమంటూ వచ్చారు, ఎవరి గొడుగు కిందికి వాళ్ళు దూరిపోయారు, చూస్తుండగానే గేటు ఖాళీ అయింది. నా పిల్ల లేదు. కాపలా ఆయన్ని అడిగాను, టీచర్ని అడిగాను, బాత్రూముల్లో వెతికాను. నన్ను నేనే తిట్టుకుంటూ మళ్ళీ గేటు దగ్గరికి పరిగెత్తేసరికి, వీధి చివర్నుంచి అచ్చం నా గొడుగులాంటిదే ఒక పచ్చ గొడుగు మెల్లగా నడిచొస్తోంది. దాని కింద లావుపాటి ఆవిడ ఒకరు, ఆవిడ పక్కన బ్యాగు తగిలించుకుని మా బంగారుతల్లి.

“మీ పాపేనా అండీ?” అంది ఆవిడ ఆయాసపడుతూ. “ఊరికే దారిన పోతున్నాను, వచ్చి చెయ్యి పట్టుకుంది. గొడుగు లేదేమో, పాపం, ఇంటిదాకా దింపుదాం అనుకున్నా. మందుల షాపు దాటాక, ‘మీ ఇల్లెక్కడమ్మా?’ అంటే అప్పుడు చెప్పింది, నేను వాళ్ళమ్మని కాదని!”

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వుతూనే పిల్లని నా గొడుగు కిందికి లాక్కున్నాను. ఆవిడ వెళ్ళాక పిల్ల ముందు గొంతుక్కూర్చుని భుజాలు పట్టుకున్నాను.

“నేను కాదని తెలియలేదే నీకు?”

“తెలిసింది. కొంచెం దూరం వెళ్ళాక తెలిసింది.”

“మరి చెప్పలేదేం?”

“చెయ్యి వదిలేస్తే ఆంటీ ఏమనుకుంటారో అని.”

తొమ్మిదేళ్ళ పిల్ల. ఎవరో తెలియని మనిషి బాధపడుతుందని, తల్లిని వదిలేసి వానలో వీధి చివరిదాకా నడిచిన పిల్ల.

ఇంటికొచ్చి చెప్తే మా అత్తయ్య మురిసిపోయింది. “ఎంత మర్యాదో చూశావా! నా మనవరాలు ఎవర్నీ నొప్పించదు” అని మెటికలు విరిచింది. మా ఆయన షూ లేసులు విప్పుకుంటూ, “దొరికింది కదా, ఇంకెందుకు రాద్ధాంతం?” అన్నాడు. ఫోన్లో మా అమ్మకి చెప్తే ఆవిడ అంతకంటే మురిసిపోయింది. “అచ్చం నీలాగే!” అంది. మెచ్చుకుంటూనే అంది, పాపం. ఆ మాట విని, మండే పొయ్యి ముందు నిలబడి ఉన్నదాన్ని, నాకు చలేసింది.

అచ్చం నాలాగే అంటే ఎలాగో చెప్తాను. మా పుట్టింట్లో భోజనాల దగ్గర ఒక పద్ధతి ఉండేది. నాన్న గిన్నె మూత తీసి, “ఎవరికేం కావాలి?” అని అడిగేవాడు. అది చూడ్డానికి ప్రశ్నలాగే ఉండేది కానీ నిజానికి పరీక్ష. అన్నయ్య వాడిక్కావలసింది చెప్పేవాడు, వాడికది పడేది. నా వంతు వచ్చేసరికి, “ఏదైనా పర్వాలేదు నాన్నా” అనాలి. అన్నానంటే నాన్న చెయ్యి నా నెత్తి మీదకి వచ్చేది. “మా అమ్మాయికి నోట్లో నాలుక లేదు” అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పుకునేవాడు, నాకేదో బహుమతి వచ్చినట్టు. నాలుక లేని పిల్లకి రుచెలా తెలుస్తుందని ఒక్కరూ అడగలేదు. ఇంట్లో నా ముద్దుపేరు సరేమ్మ. సరేమ్మా, అన్నయ్యకి నీళ్ళివ్వు. సరేమ్మా, కిటికీ పక్క సీటు చెల్లికివ్వు. ఆ చెయ్యి నెత్తి మీద పడితే ఎంత హాయిగా ఉండేదో ఇప్పటికీ గుర్తుంది, అబద్ధం చెప్పను. ఆ హాయి కోసం ఏదైనా పర్వాలేదు అంటూ అంటూ, చివరికి నాకు నిజంగానే ఏదైనా పర్వాలేకుండా పోయింది. ఎరుపు ఇష్టమా నీలం ఇష్టమా అంటే నాకు తెలియదు. ఎదుటివాళ్ళకి ఏది ఇష్టమో మాత్రం వాళ్ళ కనుబొమ్మ కదలక ముందే తెలిసిపోతుంది.

పెళ్ళయ్యాక అదే పరీక్ష, కాకపోతే పరీక్ష హాలు మారింది. ఏ సినిమాకి వెళ్దాం? మీ ఇష్టమండీ. కర్టెన్లు ఏ రంగువి వేద్దాం? మీ ఇష్టం అత్తయ్యా. “ఇంత సర్దుకుపోయే కోడలు దీపం పెట్టి వెతికినా దొరకదు” అని అత్తయ్య పదిమందిలో అంటుంది. సర్దుకుపోవడం అంటే మరేం కాదు. ఫ్యాను గాలి తగలని వైపు మంచం నాది. అంచు విరిగిన పళ్ళెం నాది. అందరి టీలూ అయ్యాక, మరిగి మరిగి చేదెక్కిన అడుగు టీ నాది. ఇవన్నీ ఎవరూ నాకు బలవంతంగా అంటగట్టలేదు. నేనే ముందుగా వెళ్ళి తీసేసుకునేదాన్ని, ఎక్కడ నాకు మంచి పళ్ళెం ఇచ్చేస్తారోనని భయపడ్డట్టు.

ఇంతకీ నా ఉద్యోగం ఏమిటో తెలుసా? కళ్ళద్దాల షాపులో కంటి పరీక్ష చేస్తాను. నవ్వకండి. చదువుకుని, పరీక్షలు పాసయ్యి, ఆ కుర్చీ పక్కన నిలబడ్డాను. వచ్చినవాళ్ళ ముక్కు మీద టెస్టు ఫ్రేము పెట్టి, లెన్సులు మారుస్తూ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే ప్రశ్న అడుగుతాను. ఇది బాగుందా, అది బాగుందా? ఊళ్ళోవాళ్ళందరికీ ఏది బాగుందో అడిగి తెలుసుకునే పని నాది. నన్ను మాత్రం వచ్చినవాళ్ళు మొట్టమొదట అడిగేది, “డాక్టరుగారు లేరా అమ్మా?” అని. నేనే చూస్తానండీ అంటే, నా భుజం మీదుగా లోపలికి తొంగి చూస్తారు, అక్కడెవరో మగమనిషి దాక్కున్నట్టు. మా ఓనరు మంచివాడే. ఎంతమంది వచ్చినా, ఎంత రద్దీగా ఉన్నా, “అమ్మాయ్, టీ చెప్పు” అని మాత్రం నాకే చెప్తాడు. షోకేసు అద్దాలు తుడవడం కూడా నాకే. ఆడవాళ్ళ చెయ్యి శుభ్రంగా ఉంటుందట.

అసలు ఈ ఉద్యోగంలోకి నేను వచ్చిందే తప్పుడు కళ్ళద్దాల వల్ల. పెళ్ళయిన కొత్తలో దూరం వస్తువులు మసకగా ఉన్నాయంటే, మా ఆయన ఒక షాపుకి తీసుకెళ్ళాడు. అక్కడ పరీక్ష చేసే ఆయన ఆకలి మీదున్నాడేమో, చాలా తొందరగా ఉన్నాడు. ఇది బాగుందా, అది బాగుందా అని ఆయన అడుగుతుంటే, ఆయనకి ఏది బాగున్నట్టుందో కనిపెట్టి అదే చెప్పాను. “వెరీ గుడ్” అన్నాడు ఆయన. నాకు మళ్ళీ నాన్న చెయ్యి నెత్తి మీద పడ్డట్టయింది. ఆ అద్దాలు పెట్టుకుని మూడేళ్ళు తిరిగాను. మెట్లన్నీ ఒక పక్కకి ఒరిగి ఉండేవి. సాయంత్రమయ్యేసరికి తలనొప్పి. పెళ్ళయితే అందరికీ ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను, దేవుడి మీద ఒట్టు! చివరికి ఇంకో షాపులో కంటి పరీక్ష చేసే ఒకావిడ నా అద్దాలు చూసి, “ఇవి ఎవరివమ్మా?” అని అడిగింది. ఆవిడ చెప్తేనే తర్వాత ఈ చదువు చదివాను, ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నాను.

కాబట్టి పచ్చ గొడుగు సంగతి నాకు నవ్వులాటగా అనిపించలేదు. పిల్లకి పది అడుగుల దూరంలో తల్లి కనిపించలేదంటే కళ్ళ తేడా. కనిపించాక కూడా చెప్పలేదంటే, అది ఏ మిషనూ పట్టుకోలేని తేడా. బడిలో కంటి పరీక్ష జరిగింది కదా, బాగా చదివావన్నారు కదా అని అడిగాను. “క్యూలో నా ముందు పిల్లలు చదివారు కదమ్మా, విన్నాను” అంది, చాలా మామూలుగా. బోర్డు మీద రాసింది కూడా కనిపించదట, పక్క పిల్లని చూసి రాసుకుంటుందట. టీచర్ అడిగితే అన్నీ కనిపిస్తున్నాయనే చెప్పిందట. కనిపించట్లేదంటే టీచర్ మళ్ళీ పెద్దగా రాయాలి కదా, ఆవిడకి చేతులు నొప్పి కదా. నేను తల పట్టుకున్నాను.

కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. చుక్కల మందు వేసి చూసింది. “కళ్ళు ఆరోగ్యంగానే ఉన్నాయి, దూరం చూపు తక్కువ, అద్దాలు పడతాయి” అంది. ఉజ్జాయింపుగా ఒక నంబరు చెప్పింది కానీ, సరిగ్గా ఏది పెట్టాలో మాత్రం తేల్చలేదు. “ఏ లెన్సు పెట్టినా చాలా బాగుంది ఆంటీ అంటోంది, ఏం చెయ్యను? మందు దిగాక నీ దగ్గరే కూర్చోబెట్టి తేల్చు. కన్ను ఎలా ఉందో మేం చెప్తాం. మనిషికి ఎలా కనిపిస్తోందో మనిషే చెప్పాలి.”

ఆ రాత్రి ఇంట్లో సభ తీరింది. అద్దాలు అనగానే అత్తయ్య గుండె మీద చెయ్యేసుకుంది. “ఆడపిల్ల మొహానికి అద్దాలా? రేపు ఎవరు చేసుకుంటారే దాన్ని?”

“తొమ్మిదేళ్ళ పిల్లని రేపే ఎవరూ చేసుకోరు అత్తయ్యా.”

“మా వంశంలో ఎవరికీ లేవు.” అలా అంటూ ఆవిడ టీవీకి మూరెడు దూరంలో కూర్చుని ఉంది.

మా ఆయన ఇద్దరి మధ్యా న్యాయం చెప్పాడు. “అమ్మకి ఇష్టం లేదు. క్యారెట్లు గట్టిగా పెడుతూ ఇంకో ఏడాది చూద్దాం. సరేనా?”

“సరే” అన్నాను. ఏం చేస్తాం, అలవాటు, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. వంటిల్లు సర్దుకుంటూ ఆలోచిస్తే నా మీద నాకే ఒళ్ళు మండింది. ఆ పిల్ల చూపు గురించి నాకు తెలుసు, డాక్టరమ్మకి తెలుసు. తెలియని ఇద్దరూ నిర్ణయించారు, తెలిసిన నేను సరే అన్నాను. ఆదివారం పొద్దున్న పిల్లకి జడ వేసి, “పద, షాపుకి వెళ్దాం” అన్నాను. ఎక్కడికని మా ఆయన అడిగితే, కళ్ళద్దాలకి అని చెప్పాను. “మొన్న సరే అన్నావుగా?” అన్నాడు ఆశ్చర్యంగా. “అన్నానండీ” అని చెప్పులేసుకున్నాను. ఆయన ఇంకేమంటాడో వినడానికి ఆగి ఉంటే, మళ్ళీ ఇంకోసారి సరే అని ఉండేదాన్ని.

ఆదివారాలు షాపులో బేరాలు తక్కువ. ఓనరు ముందు గదిలో పేపరు చదువుకుంటున్నాడు. నేను పిల్లని పరీక్ష గదిలో కుర్చీ ఎక్కించాను. కాళ్ళు నేలకి అందక ఊగుతున్నాయి.

“చదువమ్మా.”

పైనుంచి కింది వరస దాకా ఊపిరి తీసుకోకుండా గడగడా అప్పజెప్పేసింది. చదివింది గోడ వైపు సరిగ్గా చూడకుండానే. బడి అయ్యాక రోజూ నా గదిలో మూల స్టూలు మీద కూర్చునే కదా హోంవర్కు చేసేది! వచ్చినవాళ్ళందరూ చదవగా విని విని, ఆ చార్టు దానికి ఎక్కాలకంటే బాగా వచ్చు. నేను లేచి చార్టు వెనక్కి తిప్పేశాను. అవతలివైపు అంకెలుంటాయి.

“ఇప్పుడు చదువు.”

రెండో వరస మధ్యలో ఆగిపోయింది.

“మిగతావి?”

“మిగతావి కూడా బాగున్నాయమ్మా.”

ఫ్రేము పెట్టి లెన్సులు మొదలుపెట్టాను. ఇది బాగుందా, అది బాగుందా? ఆ గుండ్రటి ఫ్రేములోంచి రెండు పెద్ద కళ్ళు చార్టు వైపు కాకుండా నా మొహం వైపు చూస్తున్నాయి. “రెండోది” అంది. నేను ఎక్కడో రవ్వంత మొహం చిట్లించి ఉంటాను. “కాదు కాదు, మొదటిది” అంది వెంటనే. ఇలా కాదని గదిలో లైటు ఆర్పేసి కుర్చీ వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. అప్పుడు నా గొంతు వినడం మొదలుపెట్టింది. “నువ్వు ‘అది’ అని కొంచెం గట్టిగా అన్నావు కదమ్మా, అందుకని అదే” అంది. నాకు పంతం వచ్చింది. లెన్సు తీసినట్టు తీసి, మళ్ళీ అదే లెన్సు పెట్టాను.

“మొదటిది బాగుంది. ఇది ఇంకా చాలా బాగుంది” అంది, నన్ను సంతోషపెట్టే గొంతుతో.

అరికాలి మంట నెత్తికెక్కింది. “రెండూ ఒకటే లెన్సే! నేను మార్చనే లేదు! నీ కళ్ళతో చూస్తోంది నువ్వా, నేనా? నోరు తెరిచి చెప్పడానికేం నీకు?”

గది దద్దరిల్లింది. బయట పేపరు చప్పుడు ఆగిపోయింది. పిల్ల కాళ్ళు ఊగడం మానేశాయి.

“తప్పు ఏదో చెప్పమ్మా” అంది. “అది చెప్పకుండా ఉంటాను.”

ఆ మాట నాకు బాగా తెలుసు. బయటికి ఎప్పుడూ అనలేదు కానీ, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నా లోపల వినబడుతున్నది అదే. కర్టెన్ల దగ్గర, కూర రుచి చూసే దగ్గర, మంచం మీద ఏ వైపు పడుకోవాలన్న దగ్గర, తప్పు ఏదో చెప్పండి, అది చెప్పకుండా ఉంటాను. దీనికి ఎవరు నేర్పారు? నేను కొట్టలేదు, తిట్టలేదు, నోరు మూసుకోమని ఒక్కనాడూ అనలేదు. అవసరమేముంది? రోజూ పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ నన్నే చూస్తోంది కదా. నేను ఆ విరిగిన పళ్ళెం అందుకునేటప్పుడల్లా పక్కనే కూర్చుని చూస్తోంది. ఇంతకంటే మంచి బడి ఎక్కడుంది? నాకు భయం వేసింది. ఇవాళ దీని నోట నిజం చెప్పించలేకపోతే, ఇది కూడా ఎవరో తొందరలో పెట్టిన అద్దాలు పెట్టుకుని, ఒరిగిపోయిన మెట్ల మీద జీవితమంతా జాగ్రత్తగా నడుస్తుంది. అందరూ బుద్ధిమంతురాలని మెచ్చుకుంటారు.

ఓనరు తలుపు దగ్గర నిలబడి తొంగి చూశాడు. “ఏమైంది అమ్మాయ్? సరేలే, రెండు టీలు చెప్పు, చల్లబడదాం.”

“పరీక్షలో ఉన్నానండీ. మీరే చెప్పండి” అన్నాను. ఆయన కదల్లేదు. “నాకు పంచదార తక్కువ” అని కూడా అన్నాను. అది నాకు ఇష్టమని ఆ క్షణం దాకా నాకే తెలియదు! ఆయన ఒకసారి నన్నూ, ఒకసారి పిల్లనీ చూసి, బుర్ర గోక్కుంటూ వెళ్ళాడు.

నేను ముక్కు తుడుచుకుని, పిల్లని కుర్చీలోంచి దింపి, నేనెక్కి కూర్చున్నాను. నా అద్దాలు తీసి పక్కన పెట్టి, ఫ్రేము ముక్కు మీద పెట్టుకున్నాను.

“డాక్టరుగారు లేరా అమ్మా?” అన్నాను, మా షాపుకొచ్చేవాళ్ళ గొంతుతో.

అది కాసేపు అర్థంకానట్టు చూసింది. తర్వాత మొహం విప్పారింది. “నేనే డాక్టర్ని. మాట్లాడకుండా కూర్చోండి” అంది. నేనెప్పుడూ అంత దర్జాగా చెప్పలేదు. స్టూలు లాక్కుని ఎక్కి, పెట్టెలోంచి ఒక లెన్సు తీసి, అంచులు పట్టుకుని జాగ్రత్తగా పెట్టింది. ఎన్నాళ్ళ నుంచి చూస్తోందో, చెయ్యి వణకలేదు.

“ఇది బాగుందా, అది బాగుందా?”

“మీ ఇష్టం డాక్టరుగారూ.”

“అలా కాదు. ఇదా, అదా?”

“మీకేది బాగుంటే అదే. నాదేముంది?”

ఇంకో లెన్సు వేసింది. “ఇప్పుడు?”

“మీరే చెప్పండి. పెద్దవారు, మీకు తెలియదా?”

నడుం మీద చేతులు పెట్టుకుంది. మొహం ఎర్రబడింది. నాకు తెలిసిన మొహమే, కాసేపటి క్రితం నేను పెట్టుకున్నదే. “అబ్బా, అదేంటమ్మా! నీకెలా కనిపిస్తోందో నాకెలా తెలుస్తుంది? నేనేమన్నా నీ కళ్ళల్లో కూర్చున్నానా?”

దాని మొహమే చూస్తూ కూర్చున్నాను. తన మాట తన చెవిలోకి వెళ్ళడం, అక్కడ కాసేపు ఆగడం, తర్వాత మెల్లగా నవ్వుగా మారడం అంతా చూశాను.

“ఓహో” అంది. నా చెయ్యి పట్టి లాగింది. “దిగు. నేను కూర్చుంటా.”

మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి చార్టు వైపు చూసింది. చాలాసేపు చూసింది. నేను రెండోసారి కూడా అదే లెన్సు పెట్టాను, కావాలనే.

“రెండూ ఒకేలా ఉన్నాయి” అంది నెమ్మదిగా. చెప్పాక టక్కున నా వైపు తిరిగింది, ఏమంటానో అని. నేను ఇంకో లెన్సు తీశాను. “ఇది బాలేదు” అంది. మళ్ళీ చూసింది. ఆకాశమేం విరిగి పడలేదు. “ఇది కళ్ళు లాగుతోంది. ఇది అసలే బాలేదు. అమ్మా, అసలు ఇది పెట్టావేంటి, చెత్తగా ఉంది!” ఇక పట్టపగ్గాల్లేవు. డాక్టరమ్మ చెప్పినదానికి దగ్గర దగ్గరగా తిరిగి తిరిగి, ఒకచోట ఆగి, చివరి వరస అంకెలు ఒక్కొక్కటీ చదివింది. చదివాక నా వైపు తిరిగి దగ్గరగా చూసింది.

“నీకు గడ్డం మీద పుట్టుమచ్చ ఉందా?”

“ఉంది.”

“ఎప్పట్నుంచి?”

“పుట్టినప్పట్నుంచి.”

“నాకు చెప్పనే లేదు!” అంది కోపంగా. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. ఓనరు పట్టుకొచ్చిన టీ పొలమారింది.

ఫ్రేము ఎంచుకునే దగ్గరికి వచ్చేసరికి, నేను సన్నటి తీగలాంటిది తీశాను. రంగు లేదు, అంచు లేదు, పెట్టుకున్నట్టే తెలియదు. అత్తయ్య కంట్లో పడకుండా ఉంటుందని నా ఆలోచన. దాని ముక్కు మీద పెట్టి, అద్దం ముందుకి తిప్పి, “ఎంత బాగుందో!” అన్నాను.

“నాకు నచ్చలేదు.”

పొద్దున్నుంచి ఈ మాట కోసమే కదా నానా పాట్లూ పడ్డాను. తీరా అది వచ్చి నాకే తగిలేసరికి చెవులు వేడెక్కాయి. ‘పెద్దవాళ్ళు చెప్తే వినాలి’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది, మా నాన్న గొంతుతో సహా. గట్టిగా నాలుక కరుచుకున్నాను. “మరి ఏది కావాలి?” అన్నాను. ఆ ప్రశ్న నిజంగా జవాబు కోసం అడగడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. అది షోకేసుల ముందు అటూ ఇటూ తిరిగి, ముదురు పసుపు రంగుది, గుండ్రంగా, మందంగా, వీధి అవతల్నుంచి కూడా కనిపించేది ఒకటి తీసుకొచ్చింది. చూడగానే నాకు అత్తయ్య గుర్తొచ్చింది. ఓనరు కూడా, “పెద్దావిడ ఊరుకుంటారా?” అన్నాడు. “పెట్టుకునేది పెద్దావిడ కాదు కదండీ” అన్నాను.

లెన్సులు బిగించి ఇవ్వడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు రాత్రి, అందరం భోజనానికి కూర్చునే వేళకి, మా అమ్మాయి పసుపు అద్దాలు పెట్టుకుని వచ్చి తన చోట కూర్చుంది. నేను వడ్డిస్తున్నాను. అత్తయ్య నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

“ఇదేం వేషమే!”

మా ఆయన నా వైపు చూశాడు, తర్వాత కూతురి వైపు చూశాడు. మంచి మనిషే, అరవడు. మెత్తగా అడుగుతాడు, మెత్తగా అడిగేవాళ్ళకి కాదనడం ఇంకా కష్టం. “బంగారూ, మరీ ఇంత పెద్దవి ఎందుకమ్మా? సన్నటివి ఉంటాయి, చక్కగా ఉంటాయి. రేపు నాన్న తీసుకెళ్ళి మార్పిస్తాడు. సరేనా?”

పిల్ల ఆయన మొహం చూసింది. నాన్నమ్మ మొహం చూసింది. ఆ చూపు నాకు తెలుసు, ఎదుటివాళ్ళ కనుబొమ్మల్లో తన జవాబు వెతుక్కునే చూపు. నా చేతిలో గరిటె ఆగిపోయింది. షాపులో నా దగ్గర చెప్పడం వేరు, ఇక్కడ వేరు. ఇక్కడ సరే అంటే నెత్తి మీద చెయ్యి పడుతుంది, అదెంత హాయిగా ఉంటుందో నాకంటే ఎవరికి తెలుసు? అదే గనక ఇప్పుడు ‘నీ ఇష్టం నాన్నా’ అందంటే, ఇక ఎవరూ దాని చేత ఇంకోలా అనిపించలేరు. నేను అందించకూడదు. కళ్ళతో కూడా సైగ చెయ్యకూడదు. కూర గిన్నెలోకి తలొంచుకుని నిలబడ్డాను.

“వద్దు నాన్నా” అంది. జారిన అద్దాలు వేలితో పైకి తోసుకుంది. “సన్నటివి పెట్టుకుని చూశాను. నాకు ఇవే నచ్చాయి.”

మా ఆయన చెయ్యి పళ్ళెం మీదే ఉండిపోయింది. అత్తయ్య మాత్రం తేరుకుని ముక్కున వేలేసుకుంది.

“చూశావురా! తండ్రి మాటకే ఎదురు చెప్తోంది! నిన్నటిదాకా నోట్లో వేలు పెడితే కొరకలేని పిల్ల! ఎవరి పెంపకమే ఇది?”

ఆ ప్రశ్న మా ఇళ్ళల్లో జవాబు కోసం అడగరు. పిల్ల బడిలో మొదటి మార్కు తెచ్చుకుంటే అది వంశం, మాటకి మాట చెప్తే అది పెంపకం. ఆ మాట వినబడగానే కోడలు తలొంచుకోవాలి, ఎక్కడో దూరంగా ఉన్న ఆమె తల్లి కూడా తలొంచుకోవాలి. మా అమ్మని ఆ మాట అనిపించకూడదనే కదా, ఇన్నేళ్ళూ నేను దేనికీ నోరెత్తనిది.

గిన్నె కింద పెట్టాను. పసుపు ఫ్రేములోంచి పిల్ల నన్నే చూస్తోంది. మా ఆయన కూడా నా వైపే చూస్తున్నాడు. నాకు విచిత్రంగా నవ్వొచ్చింది, అది దాచుకోవాలని కూడా అనిపించలేదు. తలెత్తాను.

“నాదే అత్తయ్యా” అన్నాను.